తడి షెడ్డుకి లైట్లు: ఐపీ నంబరు దగ్గరే ఆగిపోకండి

గూడూరు నుంచి ఏ వైపు బస్సెక్కినా మన కుర్రాళ్లకి ఎలక్ట్రికల్ పని దొరికేది ఎక్కువగా తడిచోట్లే. బందరు వైపు వెళ్తే గిలకలదిండి హార్బరు, దాన్ని నమ్ముకున్న ఐస్ ఫ్యాక్టరీలు. చిలకలపూడి, పోతేపల్లిలో రోల్డ్‌గోల్డ్ ప్లేటింగ్. పెడనలో కలంకారీ అద్దకం. గుడివాడ వైపు రైస్ మిల్లులు. దివిసీమలోకి దిగితే నాగాయలంక, కోడూరు దాకా రొయ్యల చెరువులు. ఇంకాస్త దూరం వెళ్లగలిగినవాళ్లకి భీమవరం, కాకినాడ, నెల్లూరు ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి. 2023 మేలో పనులు మొదలైన బందరు పోర్టు నడవడం మొదలుపెడితే ఉప్పుగాలికి తట్టుకోవాల్సిన లైట్ల పని మరింత పెరుగుతుంది.

వీటిలో ఎక్కడ చేరినా, ఏడాది రెండేళ్లలో మేనేజర్ పిలిచి ఒక మాట అంటాడు: "షెడ్డులో లైట్లు మార్చాలి, ఏం తెప్పించాలో రాసివ్వు." అప్పుడు చాలామంది రాసేది ఒక్క లైను. ఎల్ఈడీ ఫిట్టింగ్, 40 వాట్లు, ఐపీ65, ఇన్ని నంబర్లు. పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు తెచ్చి తక్కువదానికి ఆర్డర్ పెడతారు. వాళ్ల తప్పేం లేదు, మూడూ మీరు రాసిన లైనుకి సరిపోయేవే. ఆరు నెలలు తిరిగేసరికి కవర్ల లోపల చెమట పడుతుంది, కడిగినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఆ రోజు ఇండెంట్ తీసి చూస్తే కింద ఉండేది మీ సంతకం.

సంతకం సంగతి పక్కన పెట్టినా ఇంకో పెద్ద విషయం ఉంది. పీలింగ్ టేబుల్ దగ్గర ఆడవాళ్లు ఎనిమిది గంటలు చేతులు నీళ్లలో పెట్టి, తడి నేల మీద నిలబడి, స్టీలు టేబుల్‌కి ఆనుకుని పనిచేస్తారు. అలాంటి చోట లీకేజీ ఉన్న లైటు వేలాడుతోందంటే ఆ ప్రమాదం వాళ్ల నెత్తి మీద ఉన్నట్టే. దీన్ని మామూలు కొనుగోలుగా తీసుకోవద్దు.

ఆ రెండంకెలు చెప్పేది ఎంతవరకు

ఐపీ పక్కన ఉండే మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. మొదటిది 6 అయితే దుమ్ము అసలు లోపలికి పోదు. అంతకన్నా పైది లేదు. మన తకరారంతా రెండో అంకెతోనే.

5 అంటే 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, నిమిషానికి పన్నెండున్నర లీటర్ల నీళ్లు, రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరం నుంచి కొట్టి చూశారని అర్థం. 6 అంటే నాజిల్ 12.5 మిల్లీమీటర్లు, నీళ్లు నిమిషానికి 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచి చూడటం. 9 అంటే 80 డిగ్రీల వేడినీళ్లు, 80 నుంచి 100 బార్ ప్రెషర్‌తో, జానెడు కంటే తక్కువ దూరం నుంచి కొట్టడం.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. 7 అనేది 6 కంటే పెద్దది కాబట్టి 67 కొంటే 66 కూడా వచ్చేసినట్టే అనుకుంటారు. రాదు. ముంచే పరీక్షా, జెట్ కొట్టే పరీక్షా వేరు వేరు. నిశ్చలంగా ఉన్న నీళ్లలో తట్టుకున్న గాస్కెట్ జెట్ దెబ్బకి పక్కకి తప్పుకోవచ్చు. రెండు పరీక్షలూ పాసైన ఫిట్టింగ్ మీద ఐపీ66/67 అని రెండూ రాస్తారు. మీ షెడ్డులో ప్రెషర్ వాషర్ వాడుతుంటే దాని మీద బార్ ఎంత రాసుందో చూడండి. మామూలుగా దొరికే మెషీన్లే వంద బార్ దాటుతాయి. దాన్ని అడుగు దూరం నుంచి ఐపీ65 లైటు మీద తిప్పితే ఆ 65కి విలువ లేదు, ఎందుకంటే ఆ పరీక్షలో అలాంటి దెబ్బ లేదు. అలాంటి షెడ్డుకి 69 ఉన్న ఫిట్టింగ్ కొనాలి. లేదంటే లైట్లని వాషర్ అందని ఎత్తుకి తీసుకెళ్లి, కడిగేవాళ్లకి గట్టిగా చెప్పాలి. రెండోది ఖర్చు తక్కువ, కానీ కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మళ్లీ చెప్పాలి.

ఇంకో సంగతి. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతో, కొత్త ఫిట్టింగ్ మీద, ల్యాబులో చేస్తారు. ఉప్పునీళ్లు, బ్లీచింగ్, కాస్టిక్ ఫోమ్, అమ్మోనియా, మూడేళ్ల ఎండ, ఇవేవీ అందులో లేవు. నీళ్లు మొదటిరోజు లోపలికి పోతాయా లేదా అన్నంతవరకే ఐపీ జవాబు చెబుతుంది. గాస్కెట్టూ స్క్రూలూ క్లిప్పులూ మూడో ఏడాదికి ఏ స్థితిలో ఉంటాయో చెప్పేది బాడీ ఏ మెటీరియల్ అన్న ప్రశ్న. మన ప్రాంతంలో లైట్లు చచ్చేది ఎక్కువగా ఆ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే.

లోపలికి నీళ్లు లాగేది లైటే

కవరు బిగుతుగానే ఉంది, గాస్కెట్ బాగానే ఉంది, అయినా లోపల నీళ్లు ఎలా చేరాయి అని తల పట్టుకునేవాళ్లకి ఈ లెక్క ఉపయోగపడుతుంది. లైటు ఆపి ఉన్నప్పుడు లోపలి గాలి 30 డిగ్రీలు అనుకోండి. వెలిగాక 60కి చేరుతుంది. అంటే లోపలి గాలి దాదాపు పదో వంతు ఉబ్బుతుంది, ఏదో ఒక సందులోంచి కొంత బయటికి పోతుంది. మళ్లీ చల్లారేటప్పుడు అంతా వెనక్కి లాక్కుంటుంది. సందు దొరక్కపోతే లోపల ఏర్పడే వ్యాక్యూమ్ వాతావరణ పీడనంలో పదో వంతు దాకా ఉండొచ్చు. అది ఒక మీటరు నీటిమట్టానికి సమానం. వేడి మీదున్న ఫిట్టింగ్ మీద చన్నీళ్లు కొడితే ఆ లాగుడు ఒక్కసారిగా మొదలవుతుంది, గాస్కెట్ అంచున అప్పుడు నీళ్లు సిద్ధంగా ఉంటాయి. సిరంజి సూది నీళ్లలో పెట్టి పిస్టన్ వెనక్కి లాగితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. ఒక్కో కడుగుడికి నాలుగు చుక్కలే వెళ్లొచ్చు, కానీ రోజుకి రెండు షిఫ్టులు కడిగే ప్లాంట్‌లో ఆ నాలుగు చుక్కలు చాలు.

అందుకే మంచి ఫిట్టింగులకి గాలిని వదిలి నీటిని ఆపే చిన్న బ్రీదర్ వెంట్ పెడతారు. కొటేషన్ అడిగేటప్పుడు ఇది ఉందా అని అడగండి. పెయింటర్లు దాని మీద రంగు వేసేస్తే పని చేయదు, అది కూడా చూసుకోవాలి. టెస్ట్ రిపోర్ట్ చూసేటప్పుడు ఫిట్టింగ్ మొత్తానికి, అంటే లైట్ల స్టాండర్డ్ ఐఎస్ 10322 ప్రకారం చేసిందా, లేక ఖాళీ డబ్బాకి చేసిందా చూడండి. లైట్ల స్టాండర్డ్‌లో ముందు వెలిగించి వేడెక్కించి, తర్వాత నీళ్లు కొడతారు. మనకి కావాల్సింది ఆ పరీక్షే.

ఏ చోట ఏది తినేస్తుంది

ఐస్ ఫ్యాక్టరీతో మొదలుపెడదాం. కంప్రెసర్ రూములో అమ్మోనియా, ట్యాంక్ హాల్లో బ్రైన్. రెండింటి స్వభావం వేరు. అమ్మోనియా రాగినీ ఇత్తడినీ వదలదు. ఒత్తిడిలో బిగించి ఉన్న ఇత్తడి గ్లాండు పైకి బాగానే కనిపిస్తూ ఒకరోజు పగిలిపోతుంది. కాబట్టి అక్కడ ఇత్తడి గ్లాండ్లు వద్దు. నికెల్ పూత ఉన్నా లోపల ఇత్తడే, గీత పడితే అదే కథ. స్టీలు గ్లాండు గానీ మంచి నైలాన్‌ది గానీ పెట్టండి. పాలికార్బొనేట్ కవరు కూడా అమ్మోనియాకి నిలవదు, నెమ్మదిగా మసకబారి పెళుసవుతుంది. టఫెన్డ్ గ్లాసుతో, స్టెయిన్‌లెస్ లేదా జీఆర్‌పీ బాడీతో వచ్చేది చూడండి. ట్యాంక్ హాల్లో క్యాన్లు లేపినప్పుడల్లా బ్రైన్ తుంపరలు లేస్తాయి. సోడియం క్లోరైడ్ వాడినా, కాల్షియం క్లోరైడ్ వాడినా అల్యూమినియానికి శత్రువే. అక్కడ జీఆర్‌పీ బాడీ నిలుస్తుంది.

కంప్రెసర్ రూము గురించి ఒక హెచ్చరిక. అమ్మోనియా గాలిలో సుమారు 15 నుంచి 28 శాతం మధ్య ఉంటే మండుతుంది. అంత లీకయ్యే అవకాశం ఎక్కడ ఉంది, అక్కడ ఏ రకం ఎలక్ట్రికల్ సామాను పెట్టాలి అన్నది ఏరియా క్లాసిఫికేషన్ చేసే అర్హత ఉన్న మనిషి తేల్చాలి. మీరూ నేనూ అంచనా మీద రాయకూడదు. వాటర్‌ప్రూఫ్ వేరు, ఫ్లేమ్‌ప్రూఫ్ వేరు. ఐపీ66 ఉంది కదా అని గ్యాస్ ఉన్నచోట పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్లేమ్‌ప్రూఫ్ కదా, నీళ్లకి కూడా ఆగుతుందిలే అనుకోవడమూ తప్పే. పెసో సర్టిఫికెట్ ఉన్న ఫిట్టింగ్‌కి కూడా ఐపీ ఎంతో విడిగా అడగాలి.

రొయ్యల ప్లాంట్‌లో తినేది కడుగుడు. క్లోరిన్ నీళ్లు, కాస్టిక్ కలిసిన ఫోమ్, మళ్లీ ప్రెషర్ నీళ్లు, ఇలా రోజూ జరుగుతుంది. ఎస్ఎస్ 304 క్లిప్పులు క్లోరైడ్‌కి చిన్న చిన్న గుంతలు పడి విరిగిపోతాయి. మాలిబ్డినం రెండు మూడు శాతం కలిసిన 316 అయితే చాలా మెరుగు. క్లిప్ ధర చిన్నదే, కానీ కవరుని పట్టి ఉంచేది అదే. రెండు క్లిప్పులు పోతే గాస్కెట్ ఆ మూల వదులవుతుంది, ఐపీ అక్కడితో సరి. పాలికార్బొనేట్‌కి కాస్టిక్ పడదు. స్క్రూల చుట్టూ, క్లిప్పుల దగ్గర, అంటే బిగింపు ఎక్కువున్న చోట మొదట సన్న పగుళ్లు వస్తాయి. అలాగని మామూలు గ్లాసు పెట్టలేం. తిండి పదార్థం మీద పెంకులు పడకూడదు. లైటు పగిలినా ఆహారంలో కలవకుండా రక్షణ ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2011 లైసెన్సింగ్ నిబంధనల షెడ్యూల్ 4లోనే ఉంది. ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు కూడా లైట్ల కవర్ల వైపు చూస్తారు. యాక్రిలిక్ గానీ, కాస్టిక్‌కి తట్టుకునేలా కోటింగ్ వేసిన పాలికార్బొనేట్ గానీ, పగిలినా పెంకులు రాలకుండా ఫిల్మ్ ఉన్న గ్లాసు గానీ చూడాలి. ఏది పెట్టినా మీ ప్లాంట్‌లో వాడే కెమికల్ డేటా షీట్ వెండర్ చేతిలో పెట్టి, "మీ కవరు దీనికి ఆగుతుంది" అని రాతలో తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ వైపు, వ్యర్థాలు నిలవుండే వైపు ఇంకో ఇబ్బంది ఉంది. కుళ్లిన రొయ్య తలల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఎల్ఈడీ చిప్పు లోపల వెండి పూత ఉంటుంది, గంధకం తగిలితే అది నల్లబడుతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, కానీ వెలుతురు సగానికి పడిపోతుంది. చాలామంది వోల్టేజీ అనుకుని డ్రైవర్ మార్చి డబ్బు వృథా చేస్తారు.

రైస్ మిల్లులో గూడూరులోనైనా గుడివాడలోనైనా అసలు శత్రువు నీళ్లు కాదు, తవుడు దుమ్మూ వేడీ. ఊక, తవుడు ఫిట్టింగ్ పైన పేరుకుంటే వేడి బయటికి పోదు, డ్రైవర్ కాలిపోతుంది. పైన ఫిన్నులు నిలువుగా ఉన్న హై బే షాపులో చూడ్డానికి బాగుంటుంది, మిల్లులో ఆ ఫిన్నుల మధ్య తవుడు దిట్టంగా పడుతుంది. పైభాగం నున్నగా, వాలుగా ఉన్నది తీసుకోండి. తవుడు దుమ్ము గాలిలో దట్టంగా లేస్తే నిప్పంటుకునే స్వభావం కూడా ఉంది, కాబట్టి ఎలివేటర్ పిట్, సైలో లోపల పెట్టే లైట్ల సంగతి పైన అమ్మోనియాకి చెప్పినట్టే అర్హులకి వదలాలి. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టే వైపు మాత్రం ఆవిరి. అక్కడ జీఆర్‌పీ బాడీ, ఐపీ66, పనిచేసే ఉష్ణోగ్రత 50 డిగ్రీలకి రేట్ అయినది కావాలి. రేటింగ్ 35 డిగ్రీలకే ఉన్న ఫిట్టింగుని పైకప్పు రేకు కింద పెడితే వేసవిలో ఎన్నాళ్లో ఆగదు.

రోల్డ్‌గోల్డ్ ప్లేటింగ్ గదులు చిన్నవి, చాలావరకు ఇళ్లలో భాగాలే. యాసిడ్ పొగ నేరుగా పైకి లేచి ట్యాంకు మీదున్న లైటుకే తగులుతుంది. అక్కడ ఖరీదైన లైటు కొనే ముందు ట్యాంకు పక్కన ఎగ్జాస్ట్ పెట్టించండి, లైటుని ట్యాంకు నెత్తి మీద నుంచి పక్క గోడకి జరపండి. లోహం బయటికి కనపడని ప్లాస్టిక్ బాడీ చాలు. ఎగ్జాస్ట్ వల్ల బాగుపడేది లైటు కంటే ముందు ఆ గదిలో కూర్చునే మనిషి ఊపిరితిత్తులు.

హార్బరులో, పోర్టులో బయట పెట్టే ఫ్లడ్ లైట్లకి ఉప్పుగాలి. ఎల్ఈడీ బాడీలు ఎక్కువగా డైకాస్ట్ అల్యూమినియం. ఏడీసీ12 అనే మిశ్రమంలో రాగి ఒకటిన్నర నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఉప్పు తగిలితే పౌడర్ కోటింగ్ కిందే తెల్లగా పొంగుతుంది. ఎల్ఎం6లో రాగి నామమాత్రం, తీరానికి అదే నయం. కొటేషన్‌లో "డైకాస్ట్ అల్యూమినియం" అని మాత్రమే రాసుంటే ఏ గ్రేడో అడగండి. అల్యూమినియం బాడీకి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా బిగిస్తే, మధ్యలో ఉప్పునీరు చేరి అల్యూమినియమే కరుగుతుంది. నైలాన్ వాషరు, గ్రీజు తప్పనిసరి. గూడూరు కాస్త లోపలికి ఉంది కాబట్టి ఇక్కడి మిల్లు ఆవరణలో అంత దూరం వెళ్లక్కర్లేదు, అదే ఫిట్టింగ్ గిలకలదిండిలో పెట్టేటట్టయితే వెళ్లాలి. ఒకే ఓనరుకి రెండు చోట్లా యూనిట్లుండి "అన్నింటికీ ఒకటే మోడల్ తెప్పించు, రేటు తగ్గుతుంది" అంటే, ఈ తేడా ఆయనకి చెప్పాల్సింది మీరే.

పాడైన లైటు విప్పి చూడండి

కొత్తది ఎంచుకోవడానికి కేటలాగు కంటే పాత లైటు ఎక్కువ చెబుతుంది. పాడైనవి స్క్రాప్‌కి పంపేముందు నాలుగైదు విప్పండి. నీటి మరక గ్లాండు కింద నుంచి మొదలైతే లోపం కేబుల్ ఎంట్రీది, ఫిట్టింగుది కాదు. మరక చుట్టూ గాస్కెట్ వెంట సమంగా ఉంటే పైన చెప్పిన లాగుడు. కవరు లోపల మంచు పట్టినట్టుండి చుక్క నీళ్లు లేకపోతే తేమగాలి పోయి చేరుతోంది, వెంట్ లేదు లేదా మూసుకుపోయింది. అల్యూమినియం మీద తెల్లపొడి ఉంటే క్లోరైడ్. రాగి తీగల మీద నీలం కలిసిన ఆకుపచ్చ ఉండి, ఆ గదిలో అమ్మోనియా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. ఎల్ఈడీలు నల్లబడితే గంధకం. కవరు పసుపెక్కితే ఎండ. బిగింపుల దగ్గర పగిలితే కడిగే కెమికల్. లోపలంతా పొడిగా, శుభ్రంగా ఉండి డ్రైవర్ మాత్రమే పోయి ఉంటే వేడో, వోల్టేజీయో. ఏరేటర్లు, పెద్ద మోటార్లు ఉన్న లైన్లలో వోల్టేజీ దిగడం, ఎగరడం, ఒక్కోసారి న్యూట్రల్ తెగడం మామూలే. డ్రైవర్ ఏ వోల్టేజీ నుంచి ఏ వోల్టేజీ దాకా పనిచేస్తుందో, ఎక్కువైతే తనంతట తాను కట్ అవుతుందో లేదో అడిగి రాసుకోండి. సర్జ్ రక్షణ ఎన్ని కిలోవోల్టులో కూడా.

ప్రతి దానికీ ఫోన్‌లో ఫొటో, తేదీ, ఏ బే, ఎన్ని నెలలు పనిచేసింది, రాసిపెట్టుకోండి. మేనేజర్ ముందు "సార్, మంచి లైటు కావాలి" అంటే ఒప్పుకోడు. ఈ ఫొటోలు పెట్టి, "పన్నెండిట్లో తొమ్మిది గ్లాండు దగ్గరే పోయాయి" అంటే వింటాడు. పైగా అలా చూసినప్పుడు కొన్నిసార్లు తేలేది ఏమిటంటే కొత్త లైట్లే అక్కర్లేదు, గ్లాండ్లు మారిస్తే చాలు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పండి. డబ్బు ఆదా చేసిన మనిషి మాటకి, తర్వాత డబ్బు అడిగినప్పుడు విలువ ఉంటుంది.

ఎన్ని, ఎంత

వెలుతురు లెక్క త్వరగా చూద్దాం. ఫుడ్ ప్లాంట్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత: పనిచేసే హాలుకి 220 లక్స్, తనిఖీ టేబుళ్లకి 540. హాలు 20 మీటర్లు, 10 మీటర్లు అనుకోండి, 200 చదరపు మీటర్లు. 220తో హెచ్చవేస్తే 44,000 ల్యూమెన్లు పని మీద పడాలి. గోడలు, ఎత్తు వల్ల పోయేది తీసేస్తే 0.6, మురికి, వయసు వల్ల తగ్గేదానికి 0.7 పెట్టుకుంటే, 44,000ని 0.42తో భాగించాలి, దాదాపు 1,04,800. ఒక్కో ఫిట్టింగ్ 40 వాట్లు, 4,400 ల్యూమెన్లు ఇస్తే 24 కావాలి. తనిఖీ టేబుళ్ల మీద విడిగా లైట్లు పెట్టండి, హాలంతా 540కి తీసుకెళ్లడం దండగ.

ధర లెక్క మేనేజర్‌కి ఇలా చూపించొచ్చు, అంకెలు మాత్రం మీ కొటేషన్లవి వేసుకోండి. మామూలు ఫిట్టింగ్ 1,200, తట్టుకునేది 3,000 అనుకుందాం. 24కి మొదటిది 28,800, రెండోది 72,000. తేడా 43,200. మామూలువి ఏడాదికోసారి మార్చాల్సొస్తోందని మీ రిజిస్టర్ చెబితే మూడేళ్లకి 86,400 అవుతుంది. మనుషుల కూలీ, నిచ్చెన, లైను ఆపిన గంటలు దాని మీద అదనం. మీ దగ్గర రిజిస్టర్ లేకపోతే ఈ లెక్క ఊహగా మిగులుతుంది, ఎవరూ నమ్మరు.

గ్లాండు

ఒక్క కేబుల్ ఎంట్రీ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మూడు వేల రూపాయల లైటుని ముప్పై రూపాయల గ్లాండు చంపేస్తుంది. గ్లాండు మీద ఫలానా వ్యాసం నుంచి ఫలానా వ్యాసం వరకు అని ఉంటుంది. కేబుల్ బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి ఆ మధ్యలో పడేలా చూసుకోండి. గుండ్రటి గ్లాండులో చదును కేబుల్ పెడితే రెండు పక్కలా సందు ఉంటుంది, ఎంత బిగించినా మూసుకోదు. విడి వైర్లు రెండు మూడు కలిపి ఒకే గ్లాండులో దూర్చడం మన దగ్గర రోజూ జరిగేదే, దానికి ఐపీ సున్నా. ఇన్సులేషన్ టేపు చుట్టి లావు చేయడం, ఎం-సీల్ పూయడం అంతకంటే అన్యాయం. వాడని ఎంట్రీ రంధ్రానికి రవాణాలో దుమ్ము పోకుండా పెట్టే పల్చటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాన్ని తీసి గాస్కెట్ ఉన్న స్టాపింగ్ ప్లగ్ బిగించాలి. కేబుల్ పై నుంచి నేరుగా లోపలికి దిగకుండా, ఎంట్రీ కంటే కిందికి ఒక వంపు తిప్పి తీసుకురండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కాంట్రాక్టర్ బిగించాక మీరు నిచ్చెనెక్కి నాలుగు గ్లాండ్లు చేత్తో తిప్పి చూడండి. తిరిగితే మొత్తం మళ్లీ చేయించండి, బిల్లు మీద సంతకం ఆ తర్వాతే.

ఇండెంట్‌లో ఏం రాయాలి, వెండర్ దగ్గర ఏం చూడాలి

వాట్లు, ఐపీతో పాటు ఇవి రాయండి: ఎక్కడ పెడుతున్నారు, అక్కడ ఏ కెమికల్, ఎలా కడుగుతారు, బాడీ, కవరు ఏ మెటీరియల్, క్లిప్పులు, స్క్రూలు ఎస్ఎస్ 316, గాస్కెట్ సిలికాన్, బ్రీదర్ వెంట్, గ్లాండు మెటీరియల్, పనిచేసే ఉష్ణోగ్రత, డ్రైవర్ వోల్టేజీ పరిధి, సర్జ్, ఎన్ఏబీఎల్ ల్యాబు టెస్ట్ రిపోర్ట్, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు. ఫోర్క్‌లిఫ్టులు, క్రేట్లు తగిలే ఎత్తులో ఉంటే ఐకే కూడా. ఐకే10 అంటే 20 జౌళ్ల దెబ్బ. "లేదా సమానమైనది" అని రాయకండి. రాయాల్సొస్తే ఎవరి ఆమోదంతో సమానమో రాయండి, లేకపోతే సమానం ఏదో పర్చేజ్ వాళ్లే తేల్చేస్తారు.

టెస్ట్ రిపోర్ట్ వచ్చాక మోడల్ నంబరు చూడండి. 20 వాట్ల చిన్న మోడల్ రిపోర్ట్ చూపించి 40 వాట్ల పొడుగు మోడల్ అమ్మడం మామూలు. పొడుగు పెరిగేకొద్దీ కవరు మధ్యలో వంగుతుంది, గాస్కెట్ మీద ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి చిన్నదాని రిపోర్ట్ పెద్దదానికి చెల్లదు. లోపలి మాడ్యూల్‌కి చేసిన ఐపీ టెస్టుని మొత్తం ఫిట్టింగ్‌కి అన్నట్టు చూపించడమూ ఉంటుంది. "సాల్ట్ స్ప్రే పాస్" అంటే ఎన్ని గంటలు, ఏ భాగానికి, బాడీకా స్క్రూలకి కూడానా అడగండి. ఆ పరీక్షలో 5 శాతం ఉప్పునీళ్లు 35 డిగ్రీల్లో పొగలా కొడతారు. గంటల సంఖ్య లేకుండా పాస్ అన్న మాటకి అర్థం లేదు. వారంటీలో "కెమికల్ వాతావరణానికి వర్తించదు" అన్న లైను ఉందేమో వెతకండి. ఉంటే మీ షెడ్డుకి వారంటీ లేనట్టే.

రేటు కోసం పైనుంచి ఒత్తిడి వస్తుంది, వచ్చి తీరుతుంది. అప్పుడు వాదనకి దిగకండి. రెండు ఫిట్టింగులు శాంపిల్‌గా తెప్పించి, అందరికంటే ఎక్కువ తడిసే మూలలో మూడు నెలలు పెడదామని అడగండి. చాలా మంది ఒప్పుకుంటారు. అప్పటికీ తక్కువదే కొంటామంటే, మీరు చెప్పింది మర్యాదగా ఒక మెయిల్‌లో రాసిపెట్టండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, రేపు ఆడిట్‌లో గానీ ప్రమాదం జరిగినప్పుడు గానీ ఎవరికి ఏం తెలుసో రికార్డులో ఉండాలి కాబట్టి. ఎర్తింగ్ లేకపోవడం, ఆర్‌సీసీబీ బైపాస్ చేయడం లాంటి వాటి దగ్గర మాత్రం సర్దుకోవద్దు. ఉద్యోగం పోతుందని భయమున్నా సరే. బైపాస్ చేసిన చేతి మీదే కేసు వస్తుంది, చేయమన్న నోరు దొరకదు.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని బైపాస్ చేస్తారు, అందుకే కారణం తెలియాలి. ప్రతి డ్రైవర్‌లోనూ సహజంగా కొద్దిపాటి లీకేజీ ఉంటుంది. ఒకే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కింద మరీ ఎక్కువ లైట్లు పెడితే ఏ లోపమూ లేకుండానే ట్రిప్ అవుతుంది. లైట్లని మూడు నాలుగు సర్క్యూట్లుగా విడదీస్తే ఆ గొడవ పోతుంది, ఒకటి ట్రిప్ అయినా హాలు చీకటి కాదు. మెగ్గర్ పెట్టేటప్పుడు డ్రైవర్లు విడదీయండి. లోపలి సర్జ్ భాగాల వల్ల రీడింగ్ తప్పుగా వస్తుంది, డ్రైవర్లూ పాడవచ్చు.

బయట స్తంభాల మీద, షెడ్డు అంచుల మీద పెట్టినవాటికి ఇంకొకటి. తుపాను విరుచుకుపడిన 1977 నవంబరు 19 దివిసీమలో ఎవరూ మరిచిపోని తేదీ, అక్టోబరు, నవంబరు అంటే ఈ తీరంలో గాలివానల కాలం. సెప్టెంబరు లోపే బ్రాకెట్లు, బోల్టులు ఒకసారి బిగించి, తుప్పు పట్టినవి మార్చండి. ఐపీ ఎంతున్నా బ్రాకెట్ ఊడిన లైటు కిందున్న మనిషి మీద పడుతుంది.

సరుకు వచ్చినప్పుడు స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టి తీసుకునేలోపే ఒక పెట్టె విప్పండి. మోడల్ నంబరు, బీఐఎస్ నంబరు రిపోర్ట్‌తో సరిపోల్చండి. క్లిప్పు గ్రేడుకి మిల్ సర్టిఫికెట్ అడగండి. అయస్కాంతం మీద ఆధారపడొద్దు, 304కీ 316కీ దానితో తేడా తెలియదు. ఇరవై నాలుగుకి రెండు స్పేరు ఫిట్టింగులు, పది గాస్కెట్లు, పది క్లిప్పులు అదే ఆర్డరులో తెప్పించుకోండి, ఏడాది తర్వాత ఆ మోడల్ దొరక్కపోవచ్చు. గాస్కెట్లు నూనె డబ్బాల పక్కన, ఎండలో పెట్టకుండా కవర్లోనే ఉంచండి. ఏ సర్క్యూట్లో ఏ లైటు, ఎప్పుడు బిగించారు, గ్లాండు సైజు ఎంత, ఇవి రాసిన షీటు ఒకటి ప్యానెల్ తలుపు లోపల అంటించండి, ఇంకొకటి రాత్రి షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వండి.